ఫాగ్ లైట్లు మార్చాక వెలుగు తగ్గిందా?

ఈ రోజు కారు ఫాగ్ లైట్ల గురించి మాట్లాడుకుందాం. బంపరు కింద ఉండే ఆ రెండు చిన్న దీపాల మీద ఇంత ప్రసంగం ఎందుకండీ అని మీకు అనిపించవచ్చు. కానీ ఈ మధ్య మనవాళ్ళు నలుగురు కలిసిన చోట ఈ ప్రశ్న తరచుగా వినిపిస్తోంది. "పాత బల్బులు తీసేసి ఎల్.ఇ.డి. బల్బులు పెట్టించాను. డబ్బాల మీద ఇరవై వేల ల్యూమెన్లని రాసి ఉంది. తీరా చూస్తే రోడ్డు మీద ఇదివరకటి కంటే తక్కువ కనబడుతోంది. ఏమిటి కారణం?" అని. దానికి జవాబు చెప్పుకుంటూ, అసలు మనకు ఎంత వెలుగు కావాలో కూడా చూద్దాం.

ముందు పొగమంచు సంగతి. కాలిఫోర్నియా మధ్యలో ఉత్తరం నుంచి దక్షిణానికి పరుచుకుని ఉన్న సెంట్రల్ వ్యాలీలో నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పట్టే మంచును టూలీ ఫాగ్ అంటారు. టూలీ అంటే అక్కడి చిత్తడి నేలల్లో పెరిగే ఒక రకం తుంగ. వాన పడి వెలిసిన తరువాత రాత్రి ఆకాశం నిర్మలంగా ఉండి, గాలి ఆడకపోతే నేల త్వరగా చల్లబడి, దాని మీది తేమ గాలి మంచుగా మారుతుంది. సంక్రాంతి రోజుల్లో తెల్లవారుజామున మన కోస్తా పొలాల మీద పట్టే మంచు కూడా ఇలాంటిదే. తేడా ఏమిటంటే ఇక్కడ ఆ మంచులోంచి 5వ నంబరు, 99వ నంబరు హైవేలు పోతున్నాయి. బే ఏరియా నుంచి లాస్ ఏంజెలెస్ వెళ్ళాలన్నా, ఫ్రెస్నో, బేకర్స్‌ఫీల్డ్ వైపు చుట్టాల ఇంటికి వెళ్ళాలన్నా పిల్లల్ని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని మనం వెళ్ళే దారులే అవి. 2007 నవంబరు 3న ఫ్రెస్నో దగ్గర 99వ నంబరు హైవే మీద ఇలాంటి మంచులోనే వందకు పైగా వాహనాలు ఒకదాని వెనుక ఒకటి గుద్దుకున్నాయి. ఇద్దరు చనిపోయారు. కాబట్టి ఇది సోకు కోసం వేసుకునే దీపాల సంగతి కాదు.

ఇక మన సమస్యకు వద్దాం. "వెలుగు తక్కువగా ఉంది" అన్న ఒక్క మాట వెనక నాలుగైదు వేరువేరు జబ్బులు ఉంటాయి. డాక్టరు దగ్గరికి వెళ్ళి "ఒంట్లో బాగాలేదు" అంటే చాలదు కదా, జ్వరమా, దగ్గా, ఎప్పటి నుంచి అని ఆయన అడుగుతాడు. మనమూ అలాగే అడగాలి. రెండు లైట్లూ మొదటి నుంచీ మందంగా ఉన్నాయా, లేక ఒకటేనా? వేసిన వెంటనే బాగా వెలిగి పది నిమిషాల తరువాత తగ్గుతున్నాయా? మిణుకుమిణుకుమంటున్నాయా? ఎదురుగా నిలబడి చూస్తే కళ్ళు జిగేల్మంటున్నాయి కానీ రోడ్డు మాత్రం కనబడటం లేదా? ఒక్కొక్క లక్షణం ఒక్కొక్క కారణం వైపు చూపిస్తుంది. ఇది తేల్చుకోకుండా ఇంకో కొత్త జత కొనేస్తే, చాలాసార్లు అదే సమస్య కొత్త డబ్బాలో వస్తుంది.

కొలవడానికి ముందు ఒక మాట. మన కన్ను వెలుగును కొలవడానికి పనికిరాదు. పసుపు రంగు హాలోజన్ వెలుగు కంటే నీలం కలిసిన తెల్లని వెలుగు ఎక్కువ ఉన్నట్టు భ్రమ కలిగిస్తుంది. సెల్ ఫోను కెమెరా కూడా తనంతట తానే వెలుగును సర్దేసుకుంటుంది కాబట్టి దాన్నీ నమ్మలేం. ఒక సులువైన పద్ధతి ఉంది. రాత్రిపూట చదునైన చోట, గోడకు 25 అడుగుల దూరంలో కారు నిలపండి. ఒక వైపు పాత హాలోజన్ బల్బు, రెండో వైపు కొత్త ఎల్.ఇ.డి. పెట్టి రెండూ కలిపి వెలిగించండి. ఒకే గోడ మీద పక్కపక్కన రెండు వెలుగులూ పడతాయి. ఫొటో తీసేటట్లయితే కెమెరాలో ఎక్స్‌పోజరును మారకుండా లాక్ చేసి తీయండి. దీనికి పైసా ఖర్చు లేదు, కానీ సగం సందేహాలు ఇక్కడే తీరిపోతాయి.

ఇప్పుడు కరెంటు సంగతి. సాఫ్ట్‌వేరులో ఏదైనా పనిచేయకపోతే మేము ముందు సమస్యను రెండు ముక్కలు చేసి, తప్పు ఏ సగంలో ఉందో చూస్తాం. ఇక్కడా అదే చేయవచ్చు. లైటును కారు వైరింగు నుంచి పూర్తిగా ఊడదీసి, 5 ఆంపియర్ల ఫ్యూజు ఉన్న ఒక వైరుతో బ్యాటరీకి నేరుగా కలిపి చూడండి. ప్లస్సు, మైనస్సు తారుమారు కాకుండా జాగ్రత్త. అప్పుడు బాగా వెలిగితే లైటు మంచిదే, తప్పు కారు వైపు ఉంది. అప్పుడూ మందంగానే ఉంటే కారును వదిలేసి లైటును పట్టుకోండి. ఈ ఒక్క పరీక్ష బోలెడంత సమయం ఆదా చేస్తుంది.

తప్పు కారు వైపు ఉందని తేలితే ఒక మల్టీమీటరు కావాలి. ఇరవై డాలర్లలో దొరికేది చాలు. ఇంజను ఆపి ఉన్నప్పుడు మంచి బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపిస్తుంది. ఇంజను నడుస్తుంటే 13.5 నుంచి 14.5 మధ్య ఉంటుంది. తరువాత లైటు దగ్గర కొలవండి. అయితే లైటు వెలుగుతూ ఉండగానే కొలవాలి. మన ఊళ్ళో మేడ మీద కుళాయి గుర్తు తెచ్చుకోండి. కుళాయి కట్టేసి ఉన్నంతసేపూ పైపులో ఒత్తిడి బాగానే ఉన్నట్టుంటుంది. విప్పగానే సన్నటి ధార వస్తుంది. పైపులో ఎక్కడో అడ్డు ఉందని నీళ్ళు పారినప్పుడే తెలుస్తుంది. వైరు కూడా అంతే.

మా ఇంటి దగ్గర ఒక పెద్దాయన ఉన్నారు, నేను బాబాయిగారూ అని పిలుస్తాను. ఆయన తన వ్యానుకు ఒక షాపులో విడిగా ఎల్.ఇ.డి. ఫాగ్ లైట్లు బిగించుకున్నారు. "ఏమయ్యా, మీ కంప్యూటర్లలాగా దీన్ని కూడా ఒకసారి ఆపి మళ్ళీ వేస్తే సరిపోదటయ్యా?" అని ఆయన హాస్యం. మీటరు పెట్టి చూస్తే బ్యాటరీ దగ్గర 14.1 వోల్టులు, వెలుగుతున్న లైటు దగ్గర 11.9. అంటే 2.2 వోల్టులు దారిలోనే పోతున్నాయి. మీటరు ఒక కొస బ్యాటరీ ప్లస్సు దగ్గర, రెండో కొస లైటు ప్లస్సు దగ్గర పెడితే 0.3 మాత్రమే చూపించింది. అదే విధంగా మైనస్సు వైపు చూస్తే 1.9. అంటే ప్లస్సు వైరు బాగానే ఉంది, దోషమంతా గ్రౌండ్ వైపే. ఆ వైరును రంగు వేసి ఉన్న రేకు మీద మర పెట్టి బిగించారు. రంగు కరెంటును పోనివ్వదు, ఏదో మర అంచున కొంచెం తగులుతూ నెట్టుకొస్తోంది. "విప్పెయ్యవయ్యా, చూద్దాం" అన్నారు బాబాయిగారు. గరుకు కాగితంతో అక్కడ రంగు గీకి, మళ్ళీ బిగించి, తుప్పు పట్టకుండా పైన కాస్త గ్రీజు రాస్తే లైట్లు కళకళలాడాయి. మొత్తం ఖర్చు ఒక గరుకు కాగితం ముక్క.

ఇక్కడ హాలోజన్‌కూ ఎల్.ఇ.డి.కీ ఒక తేడా ఉంది. హాలోజన్ బల్బుకు వోల్టేజి 10 శాతం తగ్గితే వెలుగు దాదాపు 30 శాతం పడిపోతుంది. ఎల్.ఇ.డి.లో కరెంటును స్థిరంగా ఉంచే డ్రైవరు అనే చిన్న సర్క్యూటు ఉంటే, వోల్టేజి కొద్దిగా తగ్గినా వెలుగు మారదు. కానీ ఒక హద్దు దాటి తగ్గితే ఒక్కసారిగా మందగించడమో, మిణకడమో చేస్తుంది. చవక రకాల్లో డ్రైవరుకు బదులు ఒక రెసిస్టరు పెట్టి సరిపెడతారు. అవి వోల్టేజి తగ్గితే వెంటనే మసకబారతాయి. ఇంకో లెక్క చూడండి. 55 వాట్ల హాలోజన్ బల్బులు రెండు కలిసి సుమారు 9 ఆంపియర్లు తీసుకుంటాయి. 20 వాట్ల ఎల్.ఇ.డి.లు రెండూ కలిసి 3 ఆంపియర్లే. అంటే కంపెనీ వేసిన వైరులోనే బల్బు మాత్రం మార్చినవారికి వైరు సన్నగా ఉండి వెలుగు తగ్గడం అరుదు. విడిగా వైరు లాగించుకున్న వారే జాయింట్లు, రిలే, గ్రౌండ్ చూసుకోవాలి. ఫ్యూజు పోతోందని పెద్ద ఫ్యూజు మాత్రం వేయకండి. ఫ్యూజు బదులు వైరు కాలుతుంది.

మిణుకుమిణుకుమంటే అనుమానం కారులోని కంప్యూటరు మీదికి వెళ్ళాలి. చాలా కొత్త కార్లలో స్విచ్చి నుంచి లైటుకు నేరుగా కరెంటు పోదు. మధ్యలో ఒక కంప్యూటరు ఉండి, బల్బు ఎంత కరెంటు తీసుకుంటోందో గమనిస్తుంది. ఎల్.ఇ.డి. తక్కువ తీసుకోవడంతో బల్బు మాడిపోయిందనుకుని హెచ్చరిక చూపిస్తుంది, కొన్ని కార్లలో సరఫరా ఆపేస్తుంది కూడా. ఇంకొన్ని కార్లు కరెంటును సెకనుకు వంద సార్లకు పైగా ఆపుతూ వేస్తూ ఇస్తాయి. హాలోజన్ ఫిలమెంటు వేడిగా ఉంటుంది కాబట్టి దానికి ఆ తేడా తెలియదు. ఎల్.ఇ.డి. మాత్రం ప్రతిసారీ ఆరి వెలుగుతుంది. ఫోనుతో వీడియో తీస్తే చారలు కనబడటం దీనికి ఒక గుర్తు. దీనికి మందు మీ కారుకు సరిపోయే డీకోడరు, లేదా బ్యాటరీ నుంచి నేరుగా తీసుకునే రిలే వైరింగు. కొందరు కంప్యూటరును నమ్మించడానికి 6 ఓముల రెసిస్టరు కలుపుతారు. 14 వోల్టుల దగ్గర అది ముప్పై వాట్లకు పైగా వేడి పుట్టిస్తుంది. ప్లాస్టిక్కు మీద, వైర్ల మీద తగిలించారంటే కరిగిపోతాయి. దాన్ని ఇనుప భాగానికే బిగించాలి.

పది నిమిషాల తరువాత వెలుగు తగ్గుతోందంటే అది వేడి. ఎల్.ఇ.డి. చల్లగా ఉంటుందని మనలో ఒక అపోహ ఉంది. హాలోజన్ బల్బు తన వేడిలో చాలా భాగాన్ని వెలుగుతో పాటు ముందుకు పంపేస్తుంది. ఎల్.ఇ.డి. వేడి వెనక్కి, దాని లోహపు తోక వైపుకు పోతుంది. ఆ తోకకు గాలి తగలకుండా రబ్బరు మూత బిగించినా, చిన్న ఫ్యాను దుమ్ముతో ఆగిపోయినా, చిప్పు మాడిపోకుండా డ్రైవరు తనే కరెంటు తగ్గించేస్తుంది. వేసిన వెంటనే ఒక ఫొటో, ఇరవై నిమిషాల తరువాత అదే ఎక్స్‌పోజరుతో ఇంకో ఫొటో తీస్తే తెలిసిపోతుంది. డబ్బా మీద రాసే అంకె బల్బు చల్లగా ఉన్న మొదటి క్షణానిది కావచ్చు. మిన్నెసోటా, మిషిగన్ వైపు ఉన్న శ్రోతలు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. వేడి ముందుకు రాదు కాబట్టి లెన్సు మీద పేరుకున్న మంచు హాలోజన్‌కు కరిగినట్టు ఎల్.ఇ.డి.కి కరగదు. వెలుగు తగ్గిందని వైర్లు విప్పే ముందు ఒకసారి లెన్సు తుడవండి.

ఇక అన్నిటికంటే ఎక్కువ మందిని తిప్పలు పెట్టే కారణం. ఎదురుగా చూస్తే కళ్ళు చెదురుతాయి, రోడ్డు మాత్రం చీకటి. ఇది కరెంటు సమస్య కాదు, అమరిక సమస్య. హెచ్ 11 రకం హాలోజన్ బల్బులో ఫిలమెంటు కొన్ని మిల్లీమీటర్ల పొడవుండే చిన్న చుట్ట. అది ఎక్కడ ఉంటుందో కొలత పెట్టుకుని, దాని చుట్టూ వచ్చే వెలుగును పట్టి రోడ్డు మీదికి పంపేలా అద్దం వంపు తీర్చుతారు. ఎల్.ఇ.డి. బల్బులో ఒక రేకుకు రెండు వైపులా చిప్పులు ఉంటాయి. అవి ఫిలమెంటు ఉండే చోటు నుంచి కొద్దిగా జరిగినా, మధ్య రేకు మందంగా ఉన్నా వెలుగు రోడ్డు మీద పడకుండా నలువైపులా చెదిరిపోతుంది. భూతద్దంతో కాగితం కాల్చిన పిల్లలందరికీ ఇది తెలుసు. అద్దం అంగుళం జరిపితే ఎండ అదే, కాగితం మాత్రం కాలదు. చాలా బల్బులకు మెడ దగ్గర తిప్పుకునే వలయం ఉంటుంది. చిప్పులు ఎడమకూ కుడికీ, అంటే గడియారంలో 9, 3 అంకెల వైపు చూసేలా తిప్పి గోడ మీద మళ్ళీ చూడండి. అప్పటికీ వెలుగు పైఅంచు గీత గీసినట్టు రాకపోతే ఆ బల్బు మీ లైటుకు నప్పదు. తీసేయడమే మంచిది.

ఇరవై వేల ల్యూమెన్ల మాట కూడా తేల్చేద్దాం. హెచ్ 11 హాలోజన్ బల్బు ఇచ్చేది సుమారు 1350 ల్యూమెన్లు. మీ ఎల్.ఇ.డి. ఎన్ని ఆంపియర్లు తీసుకుంటుందో కొలవండి. 13 వోల్టుల దగ్గర ఒకటిన్నర ఆంపియర్లు అయితే సుమారు 20 వాట్లు. వాటుకు వంద ల్యూమెన్ల లెక్కన 2 వేలు. మరి ఇరవై వేలు ఎక్కడి నుంచి వస్తాయి? ఆ అంకెను చూసి కొనకండి. విడిగా లైట్లు కొంటుంటే లెన్సు మీద ఎస్.ఎ.ఇ. అన్న అక్షరాల పక్కన ఎఫ్ అన్న గుర్తు ఉందేమో చూడండి. అది ఫాగ్ లైటుగా తయారైనదనడానికి గుర్తు. అడవి దారుల కోసం చేసిన లైట్లు వెలుగును పైకీ కిందికీ చిమ్ముతాయి. అవి మంచులో పనికిరావు.

పసుపు రంగు మంచును చీల్చుకుపోతుందన్న నమ్మకం కూడా చాలామందికి ఉంది. ఫ్రాన్సులో 1993 వరకు కార్లకు పసుపు హెడ్ లైట్లే తప్పనిసరి. అయితే పొగమంచు బిందువులు వెలుగు తరంగాల కంటే ఎన్నో రెట్లు పెద్దవి. అవి నీలాన్నీ పసుపునూ దాదాపు ఒకేలా చెదరగొడతాయి. ఆకాశం నీలంగా కనబడటానికి చెప్పే కారణం ఇక్కడ వర్తించదు. నీలం తగ్గితే కొందరి కళ్ళకు హాయిగా ఉండే మాట నిజమే. కానీ తెల్ల లైటు మీద పసుపు కాగితం అంటిస్తే ఉన్న వెలుగు కొంత తగ్గుతుంది, అంతే.

ఇప్పుడు అసలు విషయం. వెలుగు చాలలేదని చాలామంది చేసే పని లైట్లను కొంచెం పైకి తిప్పడం. దయచేసి ఆ పని చేయకండి. ఫాగ్ లైటు కింద ఉండటానికీ, దాని వెలుగు పైఅంచు కోసినట్టు ఉండటానికీ కారణం ఉంది. మన చూపు వెళ్ళే దారిలో వెలుగు పడితే ఆ దారిలోని ప్రతి మంచు బిందువూ దాన్ని మన కంట్లోకే తిప్పి కొడుతుంది. తెల్లటి గోడ లేస్తుంది. హై బీమ్ వేస్తే జరిగేది అదే. కాలిఫోర్నియా చట్టం ప్రకారం రెండుకు మించి ఫాగ్ లైట్లు ఉండకూడదు. అవి నేల నుంచి 12 అంగుళాలకు తగ్గకుండా, 30 అంగుళాలకు మించకుండా ఉండాలి. 25 అడుగుల దూరంలో, కారు మధ్య గీతకు ఎడమ వైపు, గట్టి వెలుగు లైటు మధ్యబిందువు కంటే కనీసం 4 అంగుళాలు కిందనే ఉండాలి. హెడ్ లైట్లకు తోడుగా వాడాలే తప్ప వాటికి బదులుగా వాడకూడదు. మీ రాష్ట్రంలో నిబంధన వేరుగా ఉండవచ్చు, చూసుకోండి. ముందు చెప్పిన గోడ మీదే ఒక టేపు అంటించి ఇది సరిచూసుకోవచ్చు. ఎదురుగా వచ్చే కారులో ఉన్నది డెబ్బై ఏళ్ళ పెద్దమనిషి కావచ్చు, కంట్లో శుక్లాలు ఉన్నవారు కావచ్చు. మన లైటు వారి కళ్ళు మూసేస్తే, వారి కారు వచ్చేది మన వైపే.

చివరిగా ఒక లెక్క. గంటకు 65 మైళ్ళ వేగంతో పోతుంటే ప్రమాదం చూసి బ్రేకు మీద కాలు వేసేలోపు ఒకటిన్నర సెకను పడుతుందనుకుందాం. ఆలోపే 140 అడుగులు దాటిపోతాం. బ్రేకు పట్టాక పొడి రోడ్డు మీద ఇంకో 200 అడుగులు. మొత్తం 340 పైచిలుకు. మంచులో 200 అడుగులే కనబడుతుంటే ఆగడం జరగని పని. అదే 30 మైళ్ళ వేగమైతే సుమారు 110 అడుగుల్లో ఆగుతాం. తడి రోడ్డయితే ఇంకా ఎక్కువ కావాలి. ఫాగ్ లైటు పని బంపరు ముందున్న కొద్ది దూరంలో లేను గీతలనూ రోడ్డు అంచునూ చూపించడం. దానికి కంపెనీ వేసిన హాలోజన్ బల్బులు కూడా సరిపోతాయి. కారు ముందు నేల మరీ దేదీప్యమానంగా వెలిగితే కంటిపాప చిన్నదై దూరం ఇంకా చీకటిగా కనబడుతుంది, పైగా బాగా కనబడుతోందన్న ధైర్యంతో కాలు యాక్సిలరేటరు మీద బరువెక్కుతుంది. మంచి లైటు కంటే అది తెచ్చే ఆ ధైర్యమే ప్రమాదం.

అందుకని మీ లైట్లు మందగిస్తే వరుసగా చూడండి. లెన్సు తుడవండి, గోడ మీద పోల్చండి, బ్యాటరీకి నేరుగా కలిపి చూడండి, గ్రౌండ్ కొలవండి, వేడి చూడండి, చిప్పుల దిశ చూడండి. అన్నీ సరిగా ఉండి కూడా మంచులో దారి కనబడకపోతే లోపం లైటులో లేదు, అప్పుడు మార్చవలసింది బల్బు కాదు, వేగం. అదీ చాలకపోతే తరువాతి ఎగ్జిట్ తీసుకుని, కాఫీ తాగి, పిల్లలకు నాలుగు కబుర్లు చెప్పి, ఎండ వచ్చాక బయలుదేరండి. చుట్టాలు గంట ఆలస్యంగా వచ్చారని ఎవరూ ఏమీ అనుకోరు.